తెల్లబట్ట అంటే ఏ తెల్లబట్ట?

ఆరేళ్ళ కిందట ఒక శనివారం రాత్రి తొమ్మిదిన్నరకి మా వీధి చివర మెడికల్ షాపు దగ్గర పావుగంట నిలబడ్డాను, కౌంటర్ ముందున్న మగవాళ్ళు వెళ్ళిపోతే అడుగుదామని. ఒకాయన వెళ్తే ఇంకొకాయన వస్తున్నాడు, ఒకరు బీపీ మాత్రలు అడుగుతున్నారు, ఒకరు పిల్లాడి దగ్గు మందు, అందరూ మామూలుగా గట్టిగా అడిగి తీసుకుని పోతున్నారు, నేను మాత్రం ఫోన్ చూసుకుంటున్నట్టు నిలబడ్డా. ఆఖరికి వెళ్ళి "దురదకి ఏదైనా ఇవ్వండి" అన్నాను. "ఎక్కడ మేడమ్" అన్నాడు ఆ అబ్బాయి. నా నోరు పెగల్లేదు. అతనికి అర్థమైపోయింది, ఇంకేం అడక్కుండా ఒక మాత్ర, ఒక ట్యూబు తీసి పేపర్లో చుట్టి దాన్ని మళ్ళీ నల్ల కవర్లో పెట్టి ఇచ్చాడు. ఎలా వాడాలో అతను చెప్పలేదు, నేను అడగలేదు.

ఆ పావుగంట గురించి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, ఈ ఆరేళ్ళలో మా అమ్మ, మా పిన్ని, ఇద్దరు ఫ్రెండ్స్, ఆఫీసులో ఒక చిన్నమ్మాయి, వీళ్ళందరూ విడివిడిగా అలాంటి పావుగంటే ఎక్కడో ఒకచోట నిలబడ్డారని తెలిసింది. పేరు పెట్టే రాస్తాను, ఇది ఈస్ట్ అనే ఒక రకం ఫంగస్ వల్ల యోనిలో వచ్చే ఇన్ఫెక్షన్ గురించి. ఆ భాగానికి మన భాషలో వాడుకలో ఉన్న మాటల్లో సగం తిట్లు, మిగిలింది సంస్కృతం, అందుకే మనం "కింద" అంటాం, "అక్కడ" అంటాం, "ఆడవాళ్ళ చోట" అంటాం. నేను యోని అనే రాస్తాను, రెండు మూడు సార్లు చదివితే అలవాటైపోతుంది.

మా ఇంట్లో దీనికి ఒకటే మాట: వేడి చేసింది. మామిడిపండ్లు తిన్నావు వేడి చేసింది, నిద్ర లేదు వేడి చేసింది, ఎండలో తిరిగావు వేడి చేసింది. మందు కూడా రెడీగా ఉంటుంది, సబ్జా గింజలు, మజ్జిగ, మెంతులు నానబెట్టిన నీళ్ళు, కొబ్బరినీళ్ళు. ఇవి తాగితే ఒంటికి నష్టం ఏమీ లేదు, ఎండాకాలంలో నేనూ తాగుతాను. కానీ ఫంగస్ వేడికి రాదు, సబ్జాకి పోదు. ఈ వేడి అనే మాట వల్ల జరిగే అసలు నష్టం ఏంటంటే అక్కడితో సంభాషణ అయిపోతుంది. కారణం దొరికేసింది కదా, ఇంకేం అడగాలి?

ఇంకో మాట తెల్లబట్ట. ఇది వేడి కంటే పెద్ద సమస్య అని నాకనిపిస్తుంది, ఎందుకంటే ఆ ఒక్క మాటలో కనీసం ఐదు వేరువేరు సంగతులు ఇరుక్కుని ఉన్నాయి. నెల మధ్యలో గుడ్డు విడుదలయ్యే రోజుల్లో పల్చగా సాగేలా వచ్చే ద్రవం, అది జబ్బే కాదు, ఆరోగ్యంగా ఉన్న ప్రతి ఆడమనిషికీ వస్తుంది. విరిగిన పాల ముక్కల్లా గడ్డలు గడ్డలుగా, పెద్దగా వాసన లేకుండా, విపరీతమైన దురదతో వస్తే అది ఎక్కువగా ఈస్ట్. పల్చగా బూడిద రంగులో, చేపల వాసనతో వస్తే బాక్టీరియల్ వజైనోసిస్ అయ్యే అవకాశం ఎక్కువ. పసుపు పచ్చగా నురగలా వస్తే ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి కావచ్చు, అది మాత్రం కలయిక ద్వారా అంటుకుంటుంది, భార్యాభర్తలిద్దరూ మందు వాడాలి. ఇక నెత్తురు చార, కుళ్ళు వాసనతో, ముట్టు ఆగిపోయిన వయసులో వస్తే ఒక్క వారం కూడా ఆగకుండా చూపించుకోవాలి, గర్భాశయ ముఖద్వార కాన్సర్ లక్షణం అది అయి ఉండొచ్చు. మన దేశంలో ఆడవాళ్ళకి వచ్చే కాన్సర్లలో రొమ్ము కాన్సర్ తర్వాతి స్థానం దానిదే, అలాంటి మనుషులు కూడా "ఏదో తెల్లబట్టలే" అనుకుని నెలల తరబడి ఉండిపోతారు. ఐదు సంగతులకి ఒకటే మాట, ఒకటే మాత్ర. నా గొడవంతా దీని మీదే.

ముందు ఈస్ట్ సంగతి చెప్తాను. దీనికి కారణం ఎక్కువ సార్లు కాండిడా ఆల్బికన్స్ అనే ఫంగస్. కాండిడా అనే పేరు లాటిన్లో తెలుపు అనే మాట నుంచి వచ్చింది, ఆల్బికన్స్ అన్నా తెల్లగా అవుతున్నది అనే అర్థం, అంటే వాళ్ళు కూడా తెల్లబట్ట అనే పెట్టారన్నమాట, రెండు సార్లు. ఇది బయట నుంచి దాడి చేసే పురుగు కాదు. మన నోట్లో, పేగుల్లో, చాలామందికి యోనిలో కూడా ఏ గొడవా లేకుండా ఉంటుంది, వందమంది ఏ బాధా లేని ఆడవాళ్ళని పరీక్ష చేస్తే పది నుంచి ఇరవై మందిలో కనిపిస్తుంది, వాళ్ళకి మందు అక్కర్లేదు. యోనిలో లాక్టోబాసిల్లస్ అనే బాక్టీరియా కాపురం ఉంటాయి, అవి లాక్టిక్ ఆమ్లం తయారుచేసి అక్కడి పీహెచ్‌ని 3.8 నుంచి 4.5 మధ్య పుల్లగా ఉంచుతాయి. మన పెరుగు తోడులో ఉండేవాటికి ఇవి చుట్టాలే కానీ అవే ఇవి కావు, అందుకే పెరుగు రాసుకుంటే తగ్గుతుందనే చిట్కాకి సరైన ఆధారం లేదు. ఆ కాపురం చెదిరినప్పుడో, ఒంట్లో ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ ఎక్కువైనప్పుడో, చక్కెర ఎక్కువైనప్పుడో, రోగనిరోధక శక్తి తగ్గినప్పుడో ఈ ఫంగస్ గుండ్రటి కణంలా ఊరుకోకుండా దారాల్లా సాగి చర్మంలోకి చొచ్చుకుపోవడం మొదలుపెడుతుంది. ఆ దారాలు కాండిడాలైసిన్ అనే విషపదార్థాన్ని వదులుతాయని 2016లో కనిపెట్టారు, దానికి మన ఒంటి కణాలు రెచ్చిపోయి చేసే గోలే మనకి తెలిసే దురద, మంట, ఎరుపు. అందుకే ఫంగస్ కాస్త ఉన్నా ఒకరికి నిద్ర పట్టదు, ఇంకొకరికి అది ఉన్నట్టే తెలియదు.

ఎంతమందికి వస్తుందంటే, నలుగురు ఆడవాళ్ళలో ముగ్గురికి జీవితంలో ఒక్కసారైనా వస్తుందని అంచనా. జలుబు కంటే కాస్త తక్కువ మామూలు జబ్బు. ముగ్గురికి వచ్చేదాన్ని ముగ్గురూ ఒకళ్ళకొకళ్ళు చెప్పుకోరు.

నాకు రావడానికి కారణం పంటి నొప్పి. పిప్పి పన్ను వాచి ఐదు రోజులు గట్టి యాంటీబయోటిక్ వాడాను, పన్ను తగ్గింది, వారం తిరక్కుండా ఇది మొదలైంది. యాంటీబయోటిక్‌కి పంటి దగ్గర బాక్టీరియా ఏదో, యోనిలో మనకి కాపలా ఉన్న బాక్టీరియా ఏదో తెలియదు, రెండింటినీ చంపేస్తుంది. ఫంగస్‌ని మాత్రం ఏమీ చెయ్యలేదు, ఖాళీ అయిన చోట అది పెరుగుతుంది. యాంటీబయోటిక్ వాడిన అందరికీ ఇలా అవదు, కానీ కొందరికి ప్రతిసారీ అవుతుంది, అలాంటివాళ్ళు చీటీ రాసేటప్పుడే డాక్టర్‌కి చెప్పాలి. పంటి డాక్టర్‌కి యోని గురించి చెప్పడమేంటి అని నాకూ మొదట్లో అనిపించింది. ఇప్పుడు చెప్తున్నా.

ఇక్కడ మన తెలుగువాళ్ళకి సంబంధించిన ఒక సంగతి ఉంది, నాకు చాలా ఇష్టమైనది. టెట్రాసైక్లిన్ జాతి యాంటీబయోటిక్‌లలో మొదటిది ఆరియోమైసిన్ 1948లో బయటికి వచ్చింది, బెంజమిన్ డగ్గర్ కనిపెట్టాడు, ఆయన పనిచేసిన లెడర్లీ అనే అమెరికా మందుల కంపెనీలో పరిశోధన విభాగాన్ని నడిపింది భీమవరంలో పుట్టిన మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆ మందులు లక్షల ప్రాణాలు కాపాడాయి. కానీ అన్ని రకాల బాక్టీరియానీ ఊడ్చేసే మందులు వచ్చాక నోట్లో, యోనిలో కాండిడా పెరగడం కూడా డాక్టర్లు ఎక్కువగా చూడటం మొదలుపెట్టారు. సరిగ్గా అదే కాలంలో అమెరికాలో ఎలిజబెత్ హేజెన్, రేచల్ బ్రౌన్ అని ఇద్దరు ఆడవాళ్ళు, ఒకరు న్యూయార్క్ నగరంలో, ఇంకొకరు ఆల్బనీలో, మట్టి నుంచి పెంచిన సూక్ష్మజీవుల్ని గాజు జాడీల్లో పోస్టులో పంపించుకుంటూ వెతికి వెతికి మనుషులకి పనికొచ్చే ఫంగస్ మందు కనిపెట్టారు. వర్జీనియాలో స్నేహితుల పాల ఫారం మట్టిలో దొరికింది అది. 1950లో ప్రకటించారు, వాళ్ళు పనిచేసిన న్యూయార్క్ స్టేట్ పేరు మీద నిస్టాటిన్ అని పెట్టారు. రాయల్టీగా వచ్చిన కోటీ ముప్ఫై లక్షల డాలర్లు పరిశోధనలకే ఇచ్చేశారు, సొంతానికి వాడుకోలేదు. మన సుబ్బారావు గారి పేరు మీద కూడా ఒక ఫంగస్ ఉంది, సుబ్బారోమైసిస్ అని. ఈ కథ ఎందుకు చెప్పానంటే, ఇద్దరు ఆడవాళ్ళు డెబ్భై ఏళ్ళ కిందట ఈ జబ్బుకి మందు వెతకడానికి సిగ్గుపడలేదు, మనం కొనడానికి సిగ్గుపడుతున్నాం.

సరే, నా సంగతికి వస్తా. మొదటిసారి ఆ మాత్ర పనిచేసింది, రెండు రోజుల్లో సగం తగ్గింది, వారంలో పూర్తిగా పోయింది. దాంతో నాకు నేనే డాక్టర్ని అయిపోయా. మూడు నెలలకి మళ్ళీ ఏదో మొదలైంది, అదే మాత్ర తెచ్చుకున్నా, తగ్గలేదు, ఇంకోటి వేసుకున్నా, కాస్త తగ్గినట్టు అనిపించి మళ్ళీ వచ్చింది, ఆ ట్యూబు రాస్తే మాత్రం ఆ పూటకి హాయిగా ఉండేది. నాలుగు నెలల్లో ఐదు మాత్రలు మింగాను. ఈసారి వాసన ఉంది, మొదటిసారి లేదు, ఆ తేడా నాకు తెలుస్తూనే ఉంది కానీ తెలిసినా ఏం చెయ్యాలో తెలియక పక్కన పెట్టేశా. ఆఖరికి ఒక లేడీ డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆవిడ చూసి, ఒక పీహెచ్ కాగితం ముక్క పెట్టి, దూదిపుల్లతో కాస్త ద్రవం తీసి గాజు పలక మీద పెట్టి ల్యాబ్‌కి పంపింది. అంతా కలిపి పది నిమిషాలు. ఫంగస్ లేదు. బాక్టీరియల్ వజైనోసిస్. అది బాక్టీరియాల వల్ల వచ్చేది, దానికి మెట్రోనిడజోల్ ఏడు రోజులు వాడాలి, నేను మింగిన ఐదు మాత్రలూ దాన్ని తాకను కూడా తాకలేదు.

"మరి ట్యూబు రాస్తే తగ్గింది కదా మేడమ్" అని అడిగాను. ఆవిడ ఆ ట్యూబు తెప్పించి వెనక అక్షరాలు నాతోనే చదివించింది. ఫంగస్ మందు ఒకటి, యాంటీబయోటిక్ ఒకటి, వాటితో పాటు క్లోబెటసాల్. అది చాలా గట్టి స్టెరాయిడ్, దురదని నొక్కేస్తుంది, జబ్బుని కాదు, పైగా ఆ చోట చర్మం అసలే పల్చన, రాసేకొద్దీ ఇంకా పల్చబడుతుంది, ఫంగస్ ఉంటే అది ఇంకా పాకుతుంది. "నీకు పుండు పడలేదు, అదృష్టం" అంది. గజ్జల్లో తామరకి ఇలాంటి మూడు నాలుగు మందులు కలిపిన ట్యూబులు రాసి రాసి ముదరబెట్టుకున్న మనుషులు మన ఊళ్ళలో ఎంతమందో. ట్యూబు కొనేముందు వెనక ఉన్న పేర్లలో క్లోబెటసాల్, బీటామెథసోన్ లాంటివి ఉన్నాయేమో చూడండి, డాక్టర్ రాయకుండా వాటిని ఆ చోట రాయకండి.

నా ఒక్కదాని తెలివితక్కువతనం అనుకున్నాను చాలా రోజులు. తర్వాత తెలిసింది, 2002లో అమెరికాలో షాపులో ఈస్ట్ మందు తమంతట తాము కొనుక్కున్న 95 మంది ఆడవాళ్ళని పరీక్ష చేశారట, వాళ్ళలో నిజంగా ఈస్ట్ మాత్రమే ఉన్నది మూడో వంతు మందికే, 34 శాతం. ఇంతకు ముందు డాక్టర్ చెప్పగా విన్నవాళ్ళు, డబ్బా మీద లేబుల్ చదివినవాళ్ళు కూడా కొత్తవాళ్ళ కంటే మెరుగ్గా ఏమీ కనిపెట్టలేకపోయారు. అంటే "నాకు ఇంతకుముందు వచ్చింది, నాకు తెలుసు" అనే ధైర్యం అంత గట్టిదేం కాదు.

దీనికి ఎదురు వాదన ఒకటి ఉంది, న్యాయమైనదే. పరీక్ష, ల్యాబ్ అందరికీ ఎక్కడ దొరుకుతాయి? మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో లక్షణాలు చూసి మందు ఇచ్చే పద్ధతి ఉంది, ఎయిడ్స్ నియంత్రణ చూసే కేంద్ర సంస్థ నాకో (NACO) వాళ్ళు రంగు రంగుల కిట్లు ఇస్తారు, తెల్లబట్టకి ఆకుపచ్చ కిట్, అందులో సెక్నిడజోల్ 2 గ్రాములు, ఫ్లూకోనజోల్ 150 మిల్లీగ్రాములు కలిపి ఉంటాయి. ల్యాబ్ లేని చోట, మళ్ళీ ఆసుపత్రికి వస్తుందో రాదో తెలియని మనిషికి, ఈస్ట్, బాక్టీరియల్ వజైనోసిస్, ట్రైకోమోనాస్ మూడింటినీ ఒకేసారి కొట్టే మందు ఇచ్చి పంపడం తెలివైన పనే, నేను దాన్ని తప్పు పట్టను. అది ఉచితం, పైగా అక్కడ అడిగి, వీలైతే చూసి ఇస్తారు. నేను తప్పు పట్టేది ఊళ్ళో నాలుగు ల్యాబులు ఉండి, కన్సల్టేషన్‌కి ఐదు వందలు తీసుకుని, కుర్చీలో కూర్చోబెట్టి "తెల్లబట్టా? ఇది వేసుకో" అని చీటీ రాసి పంపే పద్ధతిని. పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోపు కింద చూసే పరీక్ష చాలా పాతది, చాలా చవకది, ఫంగస్ దారాలు కనిపిస్తాయి. అది కూడా అన్నీ పట్టుకోదు, కొన్ని కేసులు జారిపోతాయి, అలాంటప్పుడు కల్చర్ చెయ్యాలి, అంటే ఆ ద్రవంలో ఉన్నదాన్ని ల్యాబ్‌లో పెంచి చూడాలి. మొదటిసారి, అచ్చం ఈస్ట్ లక్షణాలే ఉంటే చూసి మందు రాసినా సర్దుకోవచ్చు. రెండోసారి, మూడోసారి వస్తున్నదానికి కూడా స్లైడ్ చెయ్యకపోతే మాత్రం మనం అడగాలి. "పరీక్ష చేస్తారా మేడమ్, నాకు పోయినసారి మందు పనిచెయ్యలేదు" అంటే చాలు, కొట్లాడక్కర్లేదు.

మందు సంగతి నిజానికి సులువు. క్లోట్రిమజోల్ లోపల పెట్టుకునే మాత్ర, 500 మిల్లీగ్రాములది ఒక్క రాత్రి, లేదా 100 మిల్లీగ్రాములది ఏడు రాత్రులు, పడుకునే ముందు పెట్టుకోవాలి, లేచి తిరిగితే కారిపోతుంది. లేదా నోటితో మింగే ఫ్లూకోనజోల్ 150 ఒక్కటే. రెండూ ఇంచుమించు సమానంగా పనిచేస్తాయి, సరైన మనిషికి సరైన జబ్బుకి వాడితే పదిమందిలో ఎనిమిది తొమ్మిది మందికి తగ్గుతుంది. వాచి, చర్మం చీలి బాగా ముదిరితే ఫ్లూకోనజోల్ ఇంకోటి మూడు రోజుల తేడాతో ఇస్తారు. లోపల పెట్టుకునే మాత్ర అనే మాట మన షాపుల్లో చెప్పరు, నా ఫ్రెండ్ ఒకామె నీళ్ళతో మింగేసింది, మింగిన రాత్రంతా కడుపులో తిప్పింది, అది ఆమె తప్పు కాదు, ఎవరూ నోరు విప్పి చెప్పలేదు. ఇంకో సంగతి, ఈ లోపలి మందులు, క్రీములు చాలావరకు నూనె కలిసినవి, రబ్బరు కండోమ్‌ని బలహీనం చేస్తాయి, వాడిన రోజుల్లో దాన్ని నమ్ముకోకూడదు. కొబ్బరి నూనెకి కూడా ఇదే వర్తిస్తుంది. వెల్లుల్లి రెబ్బ లోపల పెట్టుకోమనే చిట్కా వీడియోల్లో తిరుగుతోంది, పుండైన చోట వెల్లుల్లి పెడితే ఏమవుతుందో ఒక్కసారి ఆలోచించండి.

గర్భంతో ఉన్నవాళ్ళ సంగతి వేరే. ఈస్ట్రోజెన్ ఎక్కువ ఉంటుంది కాబట్టి ఆ నెలల్లో ఇది ఎక్కువ వస్తుంది, లోపల పెట్టుకునే మందే ఏడు రోజులు వాడాలి, ఫ్లూకోనజోల్ మింగకూడదు, గర్భస్రావంతో సంబంధం ఉన్నట్టు డెన్మార్క్ నుంచి 2016లో వచ్చిన పెద్ద పరిశీలనలో కనిపించింది. నా తమ్ముడు కడుపులో ఉన్నప్పుడు మా అమ్మ నాలుగు నెలలు ఈ బాధ పడిందట. మా నాయనమ్మ ఆవకాయ మాన్పించింది. మానేసినా తగ్గలేదు, ఇంకా ఏదో దొంగచాటుగా తింటున్నావని అన్నారట. అమ్మ ఈ మాట నాతో అన్నది పోయినేడు, తమ్ముడికి ఇప్పుడు ముప్ఫై నాలుగు.

మొగుడికీ దీనికీ ముడిపెట్టడం ఇంకో నరకం. "నీకెక్కడి నుంచి వచ్చింది" అనే ప్రశ్న విన్న ఆడవాళ్ళు నాకు తెలుసు, "ఆయనకెక్కడి నుంచి వచ్చింది" అని లోపల్లోపల కుమిలిన వాళ్ళూ తెలుసు. ఈస్ట్ మామూలుగా కలయిక వల్ల వచ్చే జబ్బు కాదు. పెళ్ళికాని పిల్లలకి వస్తుంది, భర్త పోయిన ఆడవాళ్ళకి వస్తుంది. భర్తకి కూడా దురద, ఎర్రటి మచ్చలు ఉంటే అతనికీ మందు ఇస్తారు, లేకపోతే అక్కర్లేదు. పెళ్ళికాని పిల్లలనగానే గుర్తొచ్చింది, మా ఆఫీసు అమ్మాయి డాక్టర్ దగ్గరికి వెళ్తే మొదటి ప్రశ్న "పెళ్ళయిందా?" కాలేదు అనగానే చూడటం మానేసి చీటీ రాశారు. పెళ్ళికాకపోతే లోపల పరికరం పెట్టక్కర్లేదు, బయటి నుంచి దూదిపుల్లతో తీసినా పరీక్షకి పనికొస్తుంది, ఆ అమ్మాయి తనే తీసుకుని ఇవ్వగలదు కూడా. ఆ మాట ఆమెకి ఎవరూ చెప్పలేదు, ఆ పిల్ల ఎనిమిది నెలలు ఒక సువాసన వాష్‌తో రోజుకి మూడుసార్లు కడుక్కుంది. యోని లోపల తనంతట తాను శుభ్రం చేసుకుంటుంది, దానికి సబ్బు అక్కర్లేదు, డెట్టాల్ నీళ్ళు అసలే వద్దు, బయట మామూలు నీళ్ళు చాలు. అతిగా కడిగితే ఆ పుల్లని కాపురమే ముందు పోతుంది. బిగుతు సింథటిక్ లోదుస్తులు, తడి ఆరకుండా ఉండటం, ఇవి కొంత తోడవుతాయి కానీ అసలు కారణం ఇవేనని "శుభ్రత లేదు" అని ఆడపిల్లని అనడం అన్యాయం, అది నేను ఒప్పుకోను.

ఇప్పుడు మా పిన్ని సంగతి. నన్ను ఇది రాయడానికి కూర్చోబెట్టింది ఆవిడే. పిన్నికి యాభై ఎనిమిదేళ్ళు, తెనాలి దగ్గర ఉంటారు, పన్నెండేళ్ళుగా షుగర్. ముట్టు ఆగిపోయాక ఈస్ట్రోజెన్ తగ్గుతుంది కాబట్టి ఈ ఇన్ఫెక్షన్ మామూలుగా తగ్గిపోతుంది, ఆ వయసులో కొత్తగా పదే పదే వస్తుంటే షుగర్ వైపు చూడాలి. చాలామందికి షుగర్ ఉందని బయటపడేదే ఈ దురదతో. పిన్నికి షుగర్ ఉందని తెలుసు, మూడు నెలలకోసారి చూపించుకుంటుంది, పోయినేడు డాక్టర్ గారు ఒక మాత్ర కొత్తగా రాశారు, డాపాగ్లిఫ్లోజిన్. మంచి మందు, గుండెకీ కిడ్నీలకీ మేలు చేస్తుందని పెద్ద పరిశోధనల్లో తేలింది, 2020లో మన దేశంలో దాని పేటెంట్ అయిపోయాక చాలా కంపెనీలు తయారుచేసి చవకైంది, ఇప్పుడు ఊరూరా రాస్తున్నారు, రాయాలి కూడా. అది పనిచేసే తీరు ఏంటంటే, రక్తంలో చక్కెరని కిడ్నీ మళ్ళీ లోపలికి పీల్చుకోకుండా ఆపి మూత్రంలో పంపించేస్తుంది, రోజుకి సుమారు 70 గ్రాములు. టీ స్పూనుకి 5 గ్రాములు అనుకుంటే పద్నాలుగు స్పూన్ల చక్కెర. ఆ చక్కెర నీళ్ళు వెళ్ళే దారి పక్కనే ఫంగస్ ఉంది. ఈ జాతి మందులు వాడే ఆడవాళ్ళలో వందకి ఐదు నుంచి పదిమందికి ఈ ఇన్ఫెక్షన్ వస్తుంది, మగవాళ్ళకీ వస్తుంది కానీ తక్కువ. ఇది మందు కాగితం మీద మొదట్లోనే రాసి ఉంటుంది. పిన్నికి మాత్రం ఎవరూ చెప్పలేదు.

మూడు నెలలు పడింది ఆవిడ. మూత్రానికి వెళ్తే మంట, కూర్చుంటే దురద, రాత్రి నిద్ర లేదు, బాబాయికి చెప్పలేదు, కూతురికి చెప్పలేదు. మందుల షాపులో ఫ్లూకోనజోల్ తెప్పించుకుంది, పనమ్మాయిని పంపి. పిన్ని షుగర్‌కి గ్లిమెపిరైడ్ కూడా వాడుతుంది, ఫ్లూకోనజోల్ దానితో కలిస్తే గ్లిమెపిరైడ్ ఒంట్లో ఎక్కువసేపు ఉండిపోయి షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది, రక్తం పల్చబడే వార్ఫరిన్ వాడేవాళ్ళకి అయితే రక్తస్రావం ప్రమాదం. ఇది కూడా చీటీ లేకుండా కొన్నందువల్ల ఎవరూ చెప్పని సంగతే. తగ్గడం, నాలుగు రోజులకి మళ్ళీ రావడం. రాక ఏం చేస్తుంది, రోజూ పద్నాలుగు స్పూన్లు పోస్తూనే ఉంది కదా. ఇక ఆవిడ ఏం చేసిందంటే ఎవరికీ చెప్పకుండా ఆ షుగర్ మాత్రే మానేసింది, దురద తగ్గింది, షుగర్ మూడు వందలు దాటింది. షుగర్ పెరిగాక దురద మళ్ళీ వచ్చింది. అప్పుడు నాకు ఫోన్ చేసింది, మొదట అరగంట మామిడికాయల ధర గురించి మాట్లాడి.

నేను చెప్పింది ఒకటే, డాక్టర్‌కి చెప్పు పిన్నీ అని. "మగ డాక్టర్ అమ్మా, ఆయనకి నేనెలా చెప్తాను, మీ బాబాయి పక్కనే కూర్చుంటాడు." ఇది చిన్న కారణం కాదు. ఇందాక నేను చెప్పిన ల్యాబులు, స్లైడులు, మందులు అన్నీ ఉన్నా ఈ ఒక్క వాక్యం దగ్గర ఆగిపోతాయి. అందుకే సిగ్గు వదిలెయ్యండి అని తేలిగ్గా చెప్పేవాళ్ళంటే నాకు కోపం. యాభై ఎనిమిదేళ్ళు నేర్పిన సిగ్గుని ఒక్క అపాయింట్‌మెంట్‌లో వదిలెయ్యమంటే ఎలా వదుల్తుంది? డాక్టర్లే అడగాలి. ఆ మాత్ర రాసే ప్రతి షుగర్ డాక్టరూ "ఇది వేసుకుంటే కొందరికి కింద దురద రావచ్చమ్మా, వస్తే చెప్పండి, మాత్ర మానకండి, మూత్రానికి వెళ్ళాక నీళ్ళతో కడుక్కుని తడి లేకుండా తుడుచుకోండి" అని ముందే చెప్తే పట్టేది అర నిమిషం. ఆ అర నిమిషం లేక మంచి మందు మానేసిన పిన్నులు ఎంతమంది ఉన్నారో.

ఎలా చెప్పాలా అని ఇద్దరం ఆలోచించి చీటీ రాసుకెళ్ళమన్నాను. పాత రిపోర్టు వెనక రాసుకుంది తన గుండ్రటి అక్షరాలతో, "కొత్త మాత్ర మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఆడవాళ్ళ చోట దురద, మంట. అందుకని మానేశాను. షాపులో మాత్రలు వేసుకున్నాను, మళ్ళీ మళ్ళీ వస్తోంది." ఆయనకి ఇచ్చింది. ఆయన చదివి ఏమీ అనలేదట, ఎన్నాళ్ళైంది, జ్వరం ఉందా, ఏ మాత్రలు ఎన్ని వేసుకున్నారు అని మూడు ప్రశ్నలు అడిగి, షుగర్ చూసి, మందు మార్చి, లేడీ డాక్టర్ దగ్గరికి పంపారు. స్లైడ్‌లో ఫంగస్ ఉంది. కల్చర్‌కి కూడా పంపారు, ఎందుకంటే షుగర్ ఉన్నవాళ్ళలో, పదే పదే వచ్చేవాళ్ళలో గ్లాబ్రాటా అనే ఇంకో రకం కాండిడా ఉండే అవకాశం ఉంది, దాని మీద ఫ్లూకోనజోల్ సరిగా పనిచెయ్యదు, దానికి బోరిక్ ఆసిడ్ లోపల పెట్టుకునే కాప్స్యూల్స్ మూడు వారాలు వాడతారు, అవి నోట్లో వేసుకుంటే విషం, గర్భంతో ఉన్నవాళ్ళు వాడకూడదు, డాక్టర్ చేతి మీదుగానే జరగాలి. పిన్నిది మామూలు ఆల్బికన్సే.

అప్పటికి ఏడాదిలో నాలుగో సారి కాబట్టి ఆవిడకి పెద్ద కోర్సే రాశారు. ఏడాదిలో మూడు అంతకంటే ఎక్కువ సార్లు వస్తే దాన్ని తిరగబెట్టే ఇన్ఫెక్షన్ అంటారు, దానికి మూడు రోజులకొకటి చొప్పున మూడు ఫ్లూకోనజోల్, తర్వాత వారానికొకటి ఆరు నెలలు. 2004లో అచ్చైన పరిశోధనలో అలా వాడినవాళ్ళలో ఆరు నెలల చివర 90 శాతం మంది బావున్నారు, పోల్చడానికి మందు లేని ఉత్త మాత్ర ఇచ్చినవాళ్ళలో 36 శాతం. ఆపేశాక ఇంకో ఆరు నెలలకి మందు వాడినవాళ్ళలో బావున్నది 43 శాతమే, కాబట్టి ఇది శాశ్వతంగా పోతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి, పట్టు తప్పకుండా ఉంచుకోవడం మాత్రం కుదురుతుంది. పిన్నికి గ్లిమెపిరైడ్ మోతాదు తగ్గించి, ఇంట్లో మెషిన్‌తో చూసుకోమని చెప్పి మొదలుపెట్టారు.

ఆ చీటీ ఇంకా పిన్ని ఫైల్లోనే ఉంది, షుగర్ రిపోర్టుల మధ్యలో, పారెయ్యలేదు. పోయిన నెల చెకప్‌కి వెళ్ళినప్పుడు డాక్టర్ గారు "దురద ఎలా ఉందమ్మా" అని అడిగితే "ఇప్పుడు లేదండి, రెండు నెలల నుంచి లేదు" అని చెప్పిందట నోటితోనే. బాబాయి పక్కనే ఉన్నాడట.